ముత్యపు మబ్బులు

"అదిగో, మళ్ళీ చెయ్యి లేచింది" అన్నాడు మెల్కర్, పక్కనున్న తూవాతో.

ముందు వరసలో లేచిన ఆ చెయ్యి ఐలీది. ఆమెకు డెబ్బై దాటాయి. ఉత్తర స్వీడన్‌లోని కిరునాలో అంతరిక్ష ఇంజనీరింగు ఎమ్మెస్సీ, అందులో వాతావరణ భౌతికశాస్త్రం క్లాసు. మిగిలిన వాళ్ళందరూ పాతికేళ్ళ లోపువాళ్ళే.

"హెన్నింగ్, ఓజోన్‌ను ఆ మబ్బే తినేస్తుందా? లేక మబ్బులో ఉన్నదేదో తింటుందా?"

హెన్నింగ్ పాఠం ఆపాడు. కిందటి వారం చెప్పిందే మళ్ళీ చెప్పాడు. నడి చలికాలంలో ఇరవై కిలోమీటర్ల పైన ముత్యపు మబ్బులు పుడతాయి. వాటి మంచు రేణువుల మీద క్లోరిన్ మేలుకుంటుంది. ఎండ రాగానే ఓజోన్ మీద పడుతుంది.

"అంటే మబ్బు తినదు. వంటకి పొయ్యి మాత్రం ఇస్తుంది. అంతేనా?"

క్లాసు గొల్లున నవ్వింది.

"వంటల క్లాసు పక్క బిల్డింగులో, మామ్మగారూ!" అన్నాడు మెల్కర్.

ఐలీ కూడా నవ్వింది. నవ్వుతూనే రాసుకుంది.

కాఫీ వేళ ఆమె దాల్చినచెక్క బన్నుల డబ్బా తెరిచింది. మెల్కర్ రెండు తీసుకున్నాడు.

"ఈ వయసులో మీకీ చదువెందుకండీ? ఉపగ్రహం ఎగరేస్తారా?"

"లేదబ్బాయ్. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసేదాన్ని. చలికాలం కిటికీలోంచి ఆ మబ్బులు కనబడేవి. గులాబీ, ఆకుపచ్చ... ఎందుకలా మెరుస్తాయంటే ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యాక డిగ్రీ చదివాను. సగమే తెలిసింది."

"మిగతా సగం తెలిసేసరికి మీరే ఆ మబ్బుల్లో ఉంటారు."

"మెల్కర్, చాల్లే!" అంది తూవా.

"పోనీవమ్మా. దగ్గర్నుంచి చూడొచ్చు" అంది ఐలీ.

జనవరిలో బెలూన్లు ఎగరేయాలి. ఓజోన్ కొలిచే పెట్టెను ఒక్కో జట్టు తయారుచేసి పైకి పంపాలి. హెన్నింగ్ ఐలీని మెల్కర్ జట్టులో వేశాడు.

మెల్కర్ అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"కుదరదు. ఈవిడకి చేతులు వణుకుతాయి. ప్రోగ్రాం రాయడం రాదు. ఒక్క ముక్క పదిసార్లు చెప్పాలి. మా మార్కులు పోతే ఎవరిది పూచీ?"

"బెలూన్ తాడు పట్టుకుంటాను" అంది ఐలీ మెల్లగా. "వదిలేదాకా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా."

"దానికి కొక్కెం చాలు. మనిషెందుకు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

హెన్నింగ్ ఏదో అనబోయాడు. ఐలీ వద్దన్నట్టు అతని వైపు చూసింది.

"అబ్బాయి చెప్పింది నిజమే. అందరి టైమూ నేనే తింటున్నాను" అంది.

కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి క్లాసుకు రాలేదు.

బెలూన్ వదిలిన రోజు మాత్రం వచ్చింది. కంచె అవతల, మోకాలిలోతు మంచులో నిలబడింది. బెలూన్ చుక్కంతై కనుమరుగయ్యేదాకా ఎత్తిన తల దించలేదు.

"పాపం, లోపలికి పిలుద్దామా?" అంది తూవా.

"పిలువు. మళ్ళీ చెయ్యెత్తుతుంది" అన్నాడు మెల్కర్.

పెట్టె చక్కగా పనిచేసింది. క్లాసులో అందరికంటే మెల్కర్‌కే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఏప్రిల్లో ఒక పొద్దున హెన్నింగ్ నల్లకోటు వేసుకుని క్లాసుకు వచ్చాడు.

"ఐలీ పోయింది. గుండెపోటు. ఇవాళే చర్చిలో అంతిమ వీడ్కోలు. ఎవరైనా వస్తారా?"

తూవా కళ్ళు తుడుచుకుంటూ లేచింది. ఇంకో ఇద్దరు లేచారు.

"అయ్యో" అన్నాడు మెల్కర్ కుర్చీలోంచి కదలకుండానే. "ఎలాగూ పాసయ్యేది కాదులెండి."

"పాసయ్యే పనే లేదు. ఆవిడ ఇక్కడ స్టూడెంటు కాదు."

"మరి రోజూ ఎలా వచ్చింది?"

"నన్నడిగి, ఊరికే వినడానికి వచ్చేది. నిజానికి సీటొచ్చింది, తనే వదులుకుంది. 'వెయిటింగ్ లిస్టులో నా వెనకాల ఎవరో కుర్రాడు సీటు కోసం ఆగిపోయాడటగా. వాడు ముందు ముందు బతకాలి. నాకు వింటే చాలు' అంది."

మెల్కర్ మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎవరా కుర్రాడు?"

"వాడెవరో ఆవిడకి క్లాసు మొదటి రోజు నుంచీ తెలుసు. వాడికి మాత్రం చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఆవిడ బతికున్నంతకాలం ఆ మాట నిలబెట్టుకున్నాను."

హెన్నింగ్ చేతి తొడుగులు వేసుకుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"ఐలీ వదిలేసిన సీట్లోనే నువ్వు చేరావు, మెల్కర్."