తెల్ల గీత

"అలా ఎడాపెడా రుద్దకు నాన్నా, అది నల్లబల్ల కాదు. ముందు గోటితో గీసి చూడాలట. గోరు తగులుకుంటే గీత లోతుగా పడినట్టట," ఫోన్లో చూస్తూ చెప్పింది కూతురు.

"నాకే పాఠం చెబుతున్నావా?" అన్నాడు మాస్టారు.

నీలం కారు తలుపు మీద ఆ తెల్ల గీత మూడేళ్ళ నాటిది. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో ఆయన భార్య కారు బయటకు తీస్తుంటే గేటుకు రాసుకుంది. ఆ రోజే ఆయన ఆమె దగ్గర తాళాలు తీసేసుకున్నాడు. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు కూతురు నేర్చుకుంటానంటోంది. "ముందు ఆ గీత పోనీ, చూద్దాం" అంటూ ఆయన మాట దాటేస్తున్నాడు.

ఆయన గోటితో గీసి చూశాడు. గోరు తగులుకోలేదు. పైగా గోటి కింద తెల్లటి పొట్టు చేరింది.

"ఇది మన గేటు రంగు!" కూతురు గుడ్డకు పాలిష్ అద్ది నాలుగుసార్లు రుద్దింది. కింద నీలం రంగు చెక్కుచెదరలేదు. "కారుకేం కాలేదని అమ్మ మొత్తుకుంటూనే ఉంది, నువ్వు వింటేగా! పేపర్లు దిద్దడమే గానీ, దిద్దింది మళ్ళీ చూసుకునే అలవాటు లేదు మాస్టారికి."

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. జేబులోంచి తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. వెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాడు.

"ఎటు పోదాం నాన్నా?"

"ఆ మాట మీ అమ్మని నేను ఒక్కసారీ అడగలేదు," అన్నాడాయన. "నీకెటు పోవాలనుంటే అటే పోనీ."