నల్ల గిటారు

“ఆ నల్లది ఒద్దు బాబూ.”

గంగరాజు వెనక్కి తిరిగి చూశాడు.

విజయనగరంలో నరసింగరావు వాద్యాల కొట్టు అది. గుమ్మం పక్క బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె, ఎండకు కమిలిన మొహం. కొట్టు మనిషిలా లేడు. కొనడానికి వచ్చినవాడిలానూ లేడు.

“నీకెందుకు? ఊరుకో,” అన్నాడు నరసింగరావు ఆయనతో.

గంగరాజుది కోటబొమ్మాళి. ఒక నాటక సమాజంలో గిటారు వాయిస్తాడు. నెలలో ఇరవై రోజులు రైళ్లలోనూ లాడ్జీల్లోనూ గడిచిపోతాయి. పాత గిటారుకు ముందు పలక చదునుగా ఉండేది. సముద్రపు గాలికి అది ఉబ్బిపోయి, పలాసలో నాటకం మధ్యలో తీగెలు కట్టిన చెక్క ఊడి వచ్చింది.

సమాజం యజమాని కేకలు వేయలేదు. సోమవారం కొత్తవలసలో నాటకం ఉందనీ, అప్పటికి గిటారు లేకపోతే క్లారినెట్ వాడిని పెట్టుకుంటాననీ మాత్రం చెప్పాడు.

వయొలిన్‌కు ఉన్నట్టు ముందు పలక వంపు తిరిగిన గిటారైతే ప్రయాణాలకు ఆగుతుందని ఎవరో అన్నారు. తీగెలను అడుగున ఇనప పట్టీకి కడతారు గనక చెక్క ఊడదట. కొట్టులో అలాంటివి రెండున్నాయి. ఒకటి పెద్దది, నల్లది. రెండోది చిన్నది, కలకత్తాలో చేసింది, దాని ధర నల్లదాని ధరలో సగం.

నల్లదాన్ని మీటితే కొట్టంతా నిండింది. చిన్నదాన్ని మీటితే మీటినవాడికే వినబడింది.

“ఎందుకొద్దు?” అన్నాడు గంగరాజు.

“లాడ్జీల్లో సాధకం సేసుకుంటానని ఇందాక నువ్వే సెప్పినావు గదా. దీని గొంతు పెద్దది. పక్కగది వోడు తలుపు కొడతాడు. ఆ చిన్నది మాటాడినట్టు పలుకుతాది. నీకు వినబడితే సాలు.”

“నాటకంలో జనానికి వినబడొద్దేటి?”

“మైకుంటాది గదా.”

బరంపురంలో లాడ్జి మేనేజరు రెండుసార్లు గంగరాజు పెట్టెను వీధిలో పెట్టించాడు. ఆ సంగతి అతను ముసలాయనకు చెప్పలేదు. నల్లదాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు.

“కొంచెం తగ్గించి ఇస్తాను, పట్టుకెళ్లు,” అన్నాడు నరసింగరావు.

ముసలాయన బల్ల మీంచి లేచాడు.

“శ్రుతి సేసి పక్కనెట్టు. టీ తాగొచ్చి సూడు.”

గంగరాజు టీ తాగి వచ్చేసరికి నల్లదానికి రెండు తీగెలు శ్రుతి దిగిపోయి ఉన్నాయి. ముసలాయన గోడకున్న చిన్న అద్దం తీసి, వాకిట్లో ఎండను పలకలో కోసిన పొడుగాటి రంధ్రంలోంచి గిటారు లోపలికి కొట్టించాడు. మెడ కలిసే చోట జిగురు విడిచి సన్నటి పగులు కనిపించింది.

“ఇంటికాడ వాయించుకునీవోడికైతే పరవాలేదు. రైల్లో తిరిగీవోడికి నెల్లాళ్లు ఆగదు.”

“నీకేటైనా మతి పోనాదేటి?” అన్నాడు నరసింగరావు.

గంగరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు అతనికి అంతా తెలిసిపోయినట్టనిపించింది.

“అయితే ఆ చిన్నది నీదన్నమాట. ముందే సెప్పొచ్చు గదా, తాతా.”

ముసలాయన అద్దాన్ని మళ్లీ గోడకు తగిలించాడు.

గంగరాజు చిన్నదే కొన్నాడు. వెళ్తూ ముసలాయన పేరైనా అడగలేదు. తన సరుకు అమ్ముకోడానికి ముసలాడు ఎంత నాటకం ఆడాడో సమాజంలో అందరికీ చెప్పి నవ్వించాడు.

రెండేళ్లు గడిచాయి.

రాయగడలో, రాయపూర్‌లో, ఏ లాడ్జీలోనూ ఎవరూ తలుపు కొట్టలేదు. రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని రెండు గంటలు సాధకం చేసేవాడు. వేళ్లు తిరిగాయి. తేమకు పలక ఉబ్బలేదు, పట్టీ వదల్లేదు. క్లారినెట్ వాడి మాట యజమాని మళ్లీ ఎత్తలేదు. ఈ ఏడు నాటకం గోడ కాగితాల మీద గంగరాజు పేరు విడిగా వేయించాడు.

ఆ కాగితాన్ని మొదటిసారి ఆమదాలవలస స్టేషన్ గోడ మీద చూసినప్పుడు అతనికి ముసలాయన గుర్తొచ్చాడు. ఒక పంచెల చాపు కొని విజయనగరం వెళ్లాడు.

“ఆ ముసలాయన వస్తన్నాడా?” అని అడిగాడు నరసింగరావుని.

“కూర్మయ్యా? పోనాడు. మొన్న వానల్లో, వాళ్లూరు కళింగపట్నంలోనే.”

గంగరాజు పంచెల చాపును చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

“తన గిటారు నాకు అంటగట్టినాడని ఊరూరా సెప్పుకున్నాను. మంచిదే ఇచ్చినావని ఒక్క మాట సెప్పి పోదారని వచ్చినాను.”

“చిన్నది నా కొట్టు సరుకు. దానికీ అతనికీ ఏ సంబంధమూ లేదు.”

“మరి ఆ దినం ఎందుకు కూకున్నాడు?”

నరసింగరావు గుమ్మం పక్క బల్ల మీదికి వచ్చి కూర్చున్నాడు.

“రంగూన్‌లో పెద్ద హోటల్లో వాయించీవోడు. యుద్ధంలో బాంబులు పడినప్పుడు సామానంతా అక్కడే ఒగ్గీసి, గిటారొక్కటీ మోసుకుని అడవుల్లోంచి నడిచొచ్చీసినాడు. అల్లుడి వల తుపానుకి కొట్టుకుపోతే, కొత్తది కొనియ్యాలని గిటారు అమ్మకానికి తెచ్చినాడు. మూడు దినాల్లో దాన్ని అడిగినవోడివి నువ్వొక్కడివే. నువ్వెల్లిపోనాక ఆ నల్లదాన్ని భుజానేసుకుని కళింగపట్నం బస్సెక్కీసినాడు.”