ఇద్దరికే జాగ

“ఎక్కు,” అన్నాడు దొర.

హీరాలాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎద్దుబండి కంటే కాస్త పెద్దగా ఉంది ఆ విమానం, అంతే.

దొర నవ్వి తన సొత్తు గొప్ప చెప్పుకున్నాడు. ఘనపూర్ అడవి గాలించాలంటే రజాకార్లకు రెండు రోజులు పడుతుందట, దీంతో అయితే గడియలో పని. సంఘపోళ్లు బాటలు తవ్వినా, చెట్లు నరికి అడ్డం వేసినా దీన్ని ఆపలేరట. ఉన్న తక్లీఫ్ ఒక్కటే.

“ఇద్దరికే జాగ. తోలెటోన్ని నేను, చూపెటోనివి నువ్వు. పొగ కనవడ్డకాడ బాంబు ఇడుస్త. అబద్ధమాడితే నీ తండా బూడిదైతది.”

పశువులు కాసి అడవంతా ఎరిగినవాడని హీరాలాల్‌ను పట్టుకొచ్చారు. అతని బిడ్డ సోని సంఘపోళ్ల దళంలో ఉందని మాత్రం దొరకు తెలియదు. మొన్ననే వాగు పక్క పెద్దబండ దగ్గర ఆమెకు జొన్నరొట్టెలు ఇచ్చి వచ్చాడు.

విమానం లేచింది. హీరాలాల్ రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. కళ్లు మూసుకుంటే దొర తిట్టాడు. తెరిస్తే కింద తండా అరచేయంత కనిపించింది. అది తగలబడితే ఎలా ఉంటుందో తలచుకున్నాడు.

వాగు వచ్చింది. పెద్దబండ పక్కన సన్నగా పొగ లేస్తోంది. దొర రెండో వైపు చూస్తున్నాడు. అతని కాళ్ల దగ్గర బుట్ట నిండా చేతిబాంబులు. చూపితే బిడ్డ పోతుంది. దాచింది బయటపడితే తండా పోతుంది.

“ఏమన్న కనవడ్డదా?” అని అరిచాడు దొర.

“లేదు దొర, నీ బాంచెన్. గిటు దిక్కు ఎవ్వలు లేరు.”

“బిడ్డ మీద ఒట్టెయ్యి.”

హీరాలాల్ చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు. “నా బిడ్డ మీదొట్టు దొర.”

దొర పళ్లు కొరికాడు. దళం ఇక్కడుందని పొద్దున కబురు తెచ్చినవాడి తోలు ఒలుస్తానన్నాడు. పెట్రోలు దండగని గొణుక్కుంటూ విమానాన్ని ఇంటిదారి పట్టించాడు. పొగ వెనక్కి పోయింది. ఒక్క బాంబూ పడలేదు. బిడ్డ బతికిందని హీరాలాల్‌కు ఏడుపొచ్చింది, గాలికి కళ్లు మండినట్టు తుడుచుకున్నాడు.

దొర ఉండే గడి కనిపించాక విమానం కిందికి దిగసాగింది. గడి చుట్టూ జనం. గోడలకు నిచ్చెనలు. విమానం చప్పుడు విన్న ఊళ్లన్నిటికీ దొర ఇంట్లో లేడని తెలిసిపోయినట్టుంది.

“ఉత్త కబురు పంపి నన్ను గడి దాటించిండ్రు,” అంటూ దొర బుట్టలో చెయ్యి పెట్టాడు. “ఇంత జల్ది మర్లుతననుకోలే లంజకొడుకులు.” వాగు పక్క పొగ ఎందుకు లేచిందో హీరాలాల్‌కు అప్పుడు అర్థమైంది.

నిచ్చెన మీద అందరికంటే పైనున్న పిల్ల తలెత్తి చూసింది. అద్దాల లంగా ఎండకు తళుక్కుమంది.

సోని.