క్వార్టర్ల ముసలామె

ఆగమ్మ విసిరిన మజ్జిగ చెంబు ధర్నా టెంటు దాటి రోడ్డు మీద దొర్లింది.

"నీ సల్ల ఎవలకు గావాలె? ఎవలు పంపిన్రు నిన్ను?"

చెంబు తెచ్చిన ముసలామె తడబడింది.

"ఎవరూ పంపలేదమ్మా. ఎండలో కూర్చున్నారని తెచ్చాను."

"నీ మాట మా దిక్కుది కాదు. కంపెనీ క్వార్టర్లకెల్లి వస్తుంటే మా ఊరి సోమమ్మ సూసిందట. నిజమేనా?"

"నిజమే. అక్కడే ఉంటాను."

"ఆఫీసర్ల ఇండ్లల్ల అంట్లు తోముకుంట, మా ముచ్చట్లు ఆడికి మోస్తున్నవన్నట్టు!"

భుజం పట్టి తోసింది. ముసలామె కంకర మీద పడింది. లేచి, చెంబు తీసుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఎవరూ ఆగమ్మను తప్పు పట్టలేదు.

కార్గిల్ యుద్ధం నడుస్తున్న రోజులవి. పాశమైలారం పక్కన, ఫిరంగి గుండ్లకు మందు తయారుచేసే ఫ్యాక్టరీ పేలింది. ఆగమ్మ భర్త మొగులయ్య అందులో కాలిపోయాడు.

శత్రువులకు అమ్ముడుపోయి మొగులయ్యే నిప్పు పెట్టాడని సేఫ్టీ ఆఫీసర్ సూర్యారావు పోలీసులకు చెప్పాడు.

ఊరివాళ్లు ప్రజారక్షణ కమిటీ పెట్టుకుని గేటు ముందు కూర్చున్నారు.

"యుద్ధ సమయంలో ధర్నా ఏమిటి? ఇది దేశద్రోహం!" అని సూర్యారావు అరిచాడు.

"మందు చేసే చేతులే కాలిపోతుంటే దేశమెట్ల నిలుస్తది సారూ?" అన్నాడు కమిటీ పెద్ద సంగయ్య.

ఆగమ్మకు అవేవీ పట్టలేదు.

"వాడు జైలుకు పోవాలె. దేశద్రోహి పెండ్లమని నా మీద ఉమ్మినట్టు వాని ఇంటోళ్ల మీద గూడ నలుగురు ఉమ్మాలె. గంతే."

సంగారెడ్డిలో విచారణ జరిగింది. తలుపులు మూసి సాక్ష్యం తీసుకున్నారు. కమిటీ తరఫున లోపల ఉన్న సంగయ్య పరుగున బయటికొచ్చాడు.

"ఆగమ్మా, మొగులయ్య మీద మచ్చ పోయింది! పేలుడు ముందటి రోజు సూర్యారావు ఇంటికే పోయిండట. 'మిషిను ఎర్రగ కాలుతున్నది, బంద్ పెట్టుండ్రి సార్' అని మొత్తుకున్నడట. సరుకు పోయేదాక ఆపేది లేదని సూర్యారావు ఎల్లగొట్టిండట. చెవులార విన్నోళ్లే వచ్చి చెప్పిన్రు."

"ఎవలు? వాళ్ల కాళ్లు మొక్కుత."

"పేరు చెప్పొద్దన్నరు."

ఆ సాయంత్రమే సూర్యారావుకు బేడీలు పడ్డాయి.

అయినా ఆగమ్మ కడుపుమంట ఆరలేదు. తెల్లారి గుప్పెడు దుబ్బమట్టి కొంగున కట్టుకుని క్వార్టర్లకు బయలుదేరింది.

"యాడికి?" సంగయ్య అడ్డం వచ్చాడు.

"వాని ఇంటోళ్ల మొఖాన దుబ్బ కొట్టి, శాపం పెట్టొస్త."

"వద్దు ఆగమ్మా, జెర నా మాట ఇను."

వినలేదు. అతనూ వెంట నడిచాడు.

సూర్యారావు ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. వరండాలో చాప మీద శవం.

ఆగమ్మ ముఖం వెలిగింది.

"దేవుడున్నడు!"

దుబ్బ గుప్పిట్లోకి తీసుకుని, జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కింది. అక్కడే ఆగిపోయింది. చాప మీద ఉన్నది ఆ ముసలామె.

"గీ పనామె ఈడ సచ్చిపోయిందేంది?"

సంగయ్య మెల్లగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పనామె గాదు ఆగమ్మా, సూర్యారావును కన్నతల్లి... నిన్న కొడుకు మీద సాక్ష్యం చెప్పొచ్చి పండుకున్నది, మళ్ల లేవలే."