ఊదా చుక్కలు

“కదలకు లలితా, నీ దుప్పటి మీదనే కూసున్నది” అంటూ సరోజ గాజు గొట్టం నోట పెట్టుకుని దోమను గొట్టంలోకి పీల్చింది.

లలిత నవ్వబోతే పళ్లు టకటకలాడాయి. ఈ వానాకాలంలో చలిజ్వరం రావడం ఇది మూడోసారి. జ్వరం ఎక్కినప్పుడల్లా తాముండే దాజీ పేట్ మగ్గాల చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంటుంది. నులకమంచం మెల్లగా తేలిపోతుంది. నిజానికి హాయిగానే ఉంటుంది. భయమల్లా నాయిన పెంటప్ప ముఖం చూసినప్పుడే. మూడేళ్ల కిందట అమ్మ గంగుబాయి ఇదే జ్వరంతో, ఇదే మంచం మీద పోయింది.

మంచంలోంచి చూస్తే పెరట్లో హౌజు, పెద్ద నీళ్ల తొట్టి, కనిపిస్తుంది. రంగు వేసిన నూలును అమ్మ అందులోనే జాడించేది. ఇప్పుడు ఊరికే వాన నీళ్లు నిలిచి ఉంటాయి. ఖాళీ చేద్దామంటే నాయిన ఒప్పుకోడు. రోజూ దీపాల వేళకు చిన్న గిలాసలో తెల్లగా ఉన్నది తీసుకెళ్లి అందులో వంచుతాడు. ఆ తెల్లదనం నీళ్లలో పొగలా పాకుతుంది. ఎందుకని ఒకసారి అడిగితే, “మీ అమ్మ కోసం బిడ్డా” అన్నాడు. అమ్మకు పాలంటే ప్రాణం. జ్వరం మగతలో లలితకు అమ్మ హౌజు అడుగున కూర్చుని, తల పైకెత్తి ఆ పాలు తాగుతున్నట్టు కనిపిస్తుంది.

సరోజ కుంఠా నాకా వైపు పిల్ల. మలేరియా ఆఫీసులో పని. గోడలకు మందు కొట్టినా ఈ సందులో దోమలు చావడం లేదని, పట్టి చూడటానికి వచ్చింది. అరుగు మీద తెల్ల కాగితం పరిచి, ఒక్కో దోమను నలిపి, సీసాలోంచి ఏదో చుక్క వేసింది. కాసేపటికి కాగితం మీద ఊదా చుక్కలు విచ్చుకున్నాయి.

పెంటప్ప నూలుకు రంగులు వేసే మనిషి. రంగు కనబడితే ఆగలేడు. ఒక్క పొట్లాం రంగును మూడు తొట్లకు సాగదీస్తాడని పేటంతా నవ్వుకుంటుంది కూడా.

“ఏం చిక్కటి రంగు సరోజా. ఎన్నిసార్లు ఉతికినా పోయేటట్టు లేదు.”

“సంబరపడకు కాకా. ఇటు చూడు, ఇవి హోట్గి రోడ్‌ల పట్టుకొచ్చిన దోమలు. వెలిసిపోయినట్టు లేవూ? మందు తగిల్తే సస్తయి. మీ ఇంటి దోమల ఒంట్ల ఒక రసం మస్తుగున్నది. మందు లోపలికి పోంగనే అది పట్టుకొని విరగ్గొడ్తది. రసం ఎంతుంటే రంగు అంత చిక్కగొస్తది.”

“దోమలు గూడ నేర్చుకుంటయా ఏంది?”

“నేర్చుకునుడు కాదు. రసం తక్కువున్నయి సస్తయి. ఎక్కువున్నయి బతికి గుడ్లు పెడ్తయి. వాటి పిల్లలకూ అదే రసం.”

“మరి గింత ఎట్ల పెరిగింది?”

“మందు చిక్కగ ఒక్కసారి తగిల్తే అన్నీ పోతయి. పల్చగ మాటిమాటికి తగిలిందనుకో, గట్టియే మిగుల్తయి. ఏ పొలాల మందు వాన నీళ్లల్ల కొట్టుకొస్తున్నదో, కనుక్కోవాలె.”

పెంటప్ప కాగితం మీదికి వంగాడు. ఊదా చుక్కలనే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరుతో చెప్పి వేరే బిళ్లలు తెస్తానని లలిత నుదుటి మీద చెయ్యి వేసి సరోజ వెళ్లిపోయింది.

పొద్దు గూకింది. పక్కింట్లో దీపం వెలిగింది. అలవాటు చొప్పున నాయిన గిలాస పట్టుకుని హౌజు దాకా వెళ్లాడు. కానీ వంచలేదు. గట్టు మీద కూలబడ్డాడు. గిలాసలో తెల్లదనం అలాగే ఉంది.

లలితకు జాలేసింది. అమ్మ గుర్తొచ్చిందేమో అనుకుంది.

“నాయినా, ఇయ్యాల అమ్మకు పాలు పొయ్యవా?”

అతను కూతురి వైపు తిరిగాడు. గిలాసను గట్టు మీద పెట్టాడు.

“పాలు కావు బిడ్డా, పల్చగ కలిపిన దోమల మందు.”