ఆరింటికి వస్తానన్నాడు

"అటు చూడకు ఫిలోమీనా. అది సైతాను కోసం పెట్టిన గడియారం. టైము కావాలంటే ఇటు చూడు" అంది చెన్సా.

చర్చి మెట్ల మీద కూర్చుని ఉందామె. ఒళ్ళో గుడ్డ చుట్టిన మకరోనీ గిన్నె, కొడుకు నార్దు కోసం.

మాల్టాలో చాలా చర్చిల్లాగే మా ఊరి చర్చికీ రెండు బురుజులు, రెండు గడియారాలు. ఒకటి నిజం చెబుతుంది, ఒకటి అబద్ధం. ప్రాణాలు పట్టుకుపోవడానికి వచ్చిన సైతాను ఏది నమ్మాలో తెలియక తికమకపడి పోవాలని తాతల నాటి ఏర్పాటు. ఏది ఏదో ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. చెన్సా చూపించిన ఎడమ బురుజు మీద ఆరుకి ఇంకా పది నిమిషాలుంది.

"పడవెక్కుతూ ఆరింటికల్లా వస్తానన్నాడు. ఇంకెంతసేపు, కూర్చో" అంటూ చెన్సా పక్కకి జరిగింది.

ఫిలోమీనా కూర్చుంది. "నీతో ఒక మాట చెప్పాలత్తా."

"వాడికి చెప్పేదైతే వాడొచ్చాక చెప్పు."

"ఇద్దరికీ చెప్పాల్సిందే."

చెన్సా వీధి మలుపు వైపు చూసింది. "వాడెవడు, సాల్వు కదూ? పోలీసుని చూసిన దొంగలా ఆ గోడకి అతుక్కుపోయాడేం?"

ఫిలోమీనా తల వంచుకుంది. ఇంతలో పావ్లు రొట్టెల బండి వచ్చి ఆగింది.

"ఏం చెన్సా పిన్నీ, ఇవాళ చీజ్ ఎక్కువేశావా? వీధి చివరిదాకా వాసన!"

"నీకు పెట్టను, పో. పొద్దున నువ్విచ్చిన రొట్టె బండరాయి. నార్దు కొరికితే పళ్ళూడతాయి."

పావ్లు పెద్దగా నవ్వాడు. పక్కనున్న ఫిలోమీనాని అప్పుడు చూశాడేమో, నవ్వు ఆపేసి టోపీ తీసి, బండి పోనిచ్చాడు.

ఫిలోమీనా సంచిలోంచి చేతిరుమాలు తీసి విప్పింది. లోపల ఉంగరం. నార్దు నిశ్చితార్థం నాడు తొడిగినది, అంతకుముందు చెన్సా తల్లిది.

"ఈ ఆదివారం పూజలో ఫాదర్ మా పెళ్ళి ప్రకటన చదువుతారు. నాదీ, సాల్వుదీ. నీకు చెప్పకుండా చదివించలేను. నువ్వు సరేనంటే తప్ప ఆ గుమ్మం తొక్కలేనత్తా."

చెన్సా ఉంగరం వైపు చూడనే లేదు. ఫిలోమీనా వేలి మీది తెల్లటి గాడి వైపు చూసింది. "బాగా బిగిసిపోయినట్టుందే?"

"సబ్బు రాసి లాగితే గానీ రాలేదు."

"తొడిగింది వాడు. వాడి చేతికే ఇవ్వు. నువ్వు నాకొద్దని మొహం మీద చెప్పు. అరుస్తాడు, గిన్నె తోసేస్తాడు, ఆ తర్వాత ఆకలేసి తింటాడు. నా కొడుకు సంగతి నాకు తెలీదా?"

"అరిస్తే బాగుండత్తా" అంది ఫిలోమీనా.

చెన్సా గోడ దగ్గరున్న సాల్వు వైపు మళ్ళీ చూసింది. తర్వాత తనే అడిగింది.

"మంచివాడేనా?"

"మంచివాడే. ఆగమంటే మూడేళ్ళు ఆగాడు."

"చేపల వేటకి పోతాడా?"

"లేదు. బళ్ళో పంతులు."

"అయితే సాయంత్రానికి ఇంటికొస్తాడు" అంది చెన్సా. ఫిలోమీనా ఏదో అనబోయింది. కానీ చెన్సా అప్పటికే పడవ కబుర్లలో పడింది.

"నార్దు పడవ కళ్ళకి కొత్త రంగు వేశాడు తెలుసా? నేనే పక్కన నిలబడి వేయించాను. నీలం."

మా పడవల ముక్కుకి రెండు పక్కలా కళ్ళుంటాయి. సముద్రంలో దారి చూసుకుని ఇల్లు చేరాలని వేస్తారు.

"రంగు కళ్ళకి దారి కనిపిస్తుందా అత్తా?" అనేసి ఫిలోమీనా నాలిక కరుచుకుంది.

"కనిపించదని ఎవరన్నారే? మా నాన్నని తెచ్చాయి, మా ఆయన్ని తెచ్చాయి. నమ్ముకున్నవాళ్ళకి రంగయినా చాలు."

సాయంత్రం ప్రార్థన గంట మోగింది. ఫిలోమీనా సిలువ గుర్తు వేసుకుంది. చెన్సా విసుక్కుంది. "ఆ గంట కొట్టేవాడికెప్పుడూ ఇంటికెళ్ళే తొందరే."

ఫిలోమీనా ఇంక ఉండబట్టలేకపోయింది. చెన్సా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రాకపోతే అత్తా? ఆరింటికి నార్దు రాకపోతే?"

చెన్సా గిన్నె మీద గుడ్డ సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"ఆరు కానీ. అప్పటికీ రాకపోతే అప్పుడేడుస్తాను. ముందే ఎందుకేడవాలి?"

ఆ తర్వాత ఏమనుకుందో, ఉంగరం తీసుకుని తన చిటికెన వేలికి పెట్టుకుంది. "వాడికి నేనిస్తాలే. వాడి అరుపులేవో నేను పడతాను. నువ్వు వెళ్ళు. పాపం, పంతులుగారి కాళ్ళు నొప్పెడుతుంటాయి. సరే అన్నానని చెప్పు. పెళ్ళికి మకరోనీ మాత్రం నేనే వండుతాను, ఇంకెవర్నీ పెట్టకండి."

ఫిలోమీనా ఆమె భుజం మీద తల పెట్టి భోరుమంది. ఎదురుచూసిన మాట దొరికింది, అయినా ఏదో దొంగిలించి పోతున్నట్టే ఉంది.

"పిచ్చిదానా, లే. వాడొచ్చే వేళకి ఈ ఏడుపు మొహాలేంటి?" అని చెన్సా ఆమె వీపు నిమిరింది.

ఫిలోమీనా కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది. మలుపు దగ్గర సాల్వు ఎదురొచ్చి ఆమె సంచి అందుకున్నాడు. చర్చి వైపు తిరిగి తల వంచాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. వీధి దీపాలు వెలిగాయి.

చెన్సా గిన్నె తాకి చూసింది. చల్లారిపోయింది. శాలువా దగ్గరికి లాక్కుని తలెత్తి ఎడమ బురుజు వైపు చూసింది.

"ఇంకా పది నిమిషాలుంది" అనుకుంది.

ఆ గడియారం గోడ మీద రంగులతో వేసిన బొమ్మ.