ఎవరి మనిషి

పెద్దక్క వచ్చేసరికి అట్టపెట్టెల కార్ఖానా తలుపు తెరిచే ఉంది. అట్ట కోసే మిషను కింద రెండు కాళ్లు కనిపించాయి.

"ఎవరది?"

కాళ్లు మెల్లగా వెనక్కి జరిగాయి. వాటి వెంట ఒక ముసలాయన బయటికొచ్చాడు. చేతిలో నూనె డబ్బా.

"బేరింగు అరుస్తోందమ్మా. వీధి చివరిదాకా వినబడుతోంది. నాలుగు చుక్కలు వేశాను."

"తలుపు ఎవరు తీశారు?"

"వేస్తే కదమ్మా తీయడానికి!"

నిజమే. తలుపు ఎవరు వెయ్యాలో తేలక, నిన్న సాయంత్రం అందరూ ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

ఆ కార్ఖానా మూడు నెలలుగా వాళ్లది. అంతకు ముందు సర్కారుది. నడపలేక పనివాళ్ల సంఘానికి అప్పగించింది. "ఆర్నెల్లు చూస్తాం. పని సాగితే మీదే. ఆగిందా, వేలం!" అని ఆఫీసరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. పన్నెండు మందీ చేతులెత్తి పెద్దక్కను అధ్యక్షురాలిని చేశారు.

ఎక్కడినుంచో ఒక పంతులు వచ్చి, సోషలిజం అంటే ఏమిటో గంటన్నరసేపు చెప్పాడు. సొంతదారుడి సొత్తు వేరు, సర్కారు సొత్తు వేరు, సమాజం సొత్తు వేరు అన్నాడు.

పెద్దక్కకు సొంతదారుడంటే తెలుసు. సర్కారంటే తెలుసు. ఆ మూడో ఆయన ఎలా ఉంటాడో మాత్రం అంతుచిక్కలేదు.

ముసలాయన కనిపించిన ఆ పూటే అందరినీ కూర్చోబెట్టింది.

"ఇది మనందరిదీ అన్నారు. మరి మిషనుకు నూనె ఎవరు వెయ్యాలి?"

"అందరం," అన్నాడు పెట్టెలు బండి మీద తోలే బాబాయి.

"అందరం అంటే?"

"అంటే... నేను పోను మిగతా అందరూ."

గొల్లున నవ్వారు. పెద్దక్కకు నవ్వు రాలేదు.

"సొంతదారుడైతే నోటితో తిడతాడు. సర్కారైతే కాగితంతో తిడుతుంది. ఇప్పుడు మనల్ని తిట్టేదెవరు?"

"నువ్వున్నావుగా వదినా," అంది జిగురు పూసే మరదలు.

"నేను తిడితే నేనే సొంతదారునైపోతానే!"

"పోనీ, తిట్టకు."

"తిట్టకపోతే పనెలా సాగుతుందే?"

అందరూ టీ తాగి లేచారు.

ముసలాయన మాత్రం రోజూ వస్తున్నాడు. నూనె వేసేవాడు. బెల్టు బిగించేవాడు. అట్ట ముక్కలన్నీ ఒక మూలకు ఊడ్చేవాడు. పని మొదలయ్యేవేళకు వెళ్లిపోయేవాడు.

"సర్కారు మనిషే, సందేహం లేదు," అని తేల్చింది మరదలు. "మన వైనం చూసి రాసుకోవడానికి పంపారు."

అంతే, మర్యాదలు మొదలయ్యాయి. కుర్చీ వేశారు. టీ తెచ్చారు. ఆ వారమంతా బాబాయి చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"మా గురించి నాలుగు మంచి ముక్కలు రాయండి," అంది పెద్దక్క.

"రాయడానికి నాకు కళ్లెక్కడివమ్మా! సూదిలో దారమైనా ఎక్కించలేను."

మరుసటి వారం బాబాయి గుండీలు విప్పేశాడు.

"వీడు సర్కారు మనిషి కాదు. వేలంలో కొందామని చూస్తున్నవాళ్ల మనిషి. ముందే మిషను పక్కటెముకలు లెక్కబెట్టుకుంటున్నాడు. కాకపోతే జీతం లేకుండా ఎవడైనా ఒంటికి గ్రీజు పూసుకుంటాడా?"

పెద్దక్కకు మొదట అదీ నిజమే అనిపించింది. ఇప్పుడు ఇదీ నిజమే అనిపించింది. ఇక తట్టుకోలేక ముసలాయననే అడిగేసింది.

"తాతా, దాచకుండా చెప్పు. నీకిందులో వాటా కావాలా?"

"వద్దమ్మా."

"జీతమా?"

"వద్దు."

"మరి ఏ హక్కుతో ముట్టుకుంటున్నావు?"

ముసలాయన గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.

"నూనె వెయ్యడానికి హక్కెందుకమ్మా?"

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నమ్మేదెట్లా?

"రేపట్నించి రావద్దు. ఇది మాది!"

"అవునమ్మా, మీదే." ఆయన నూనె డబ్బా మిషను మీద పెట్టాడు. "ఎడమవైపు బేరింగుకు ఒక్క రోజు కూడా మానకూడదు."

పదిమందిలో పాము చావదంటారు. పక్కవాళ్లు వేసే ఉంటారని కోసేవాళ్లు, కోసేవాళ్లే వేసుకుంటారని పక్కవాళ్లు. నిండు డబ్బా అందరి కళ్లముందే ఉంది.

తొమ్మిదో రోజు మిషను ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. మర్నాడు మెకానిక్కు వచ్చి చూశాడు.

"ఈ బేరింగు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. ఇన్నాళ్లు దీన్ని నడిపించినవాడెవడో, అతన్నే పిలవండి. ఇది నా చేతిలో లేదు."

తెల్లారితే ఆఫీసరు తనిఖీకి వస్తాడు. ఆరు వందల పెట్టెలు బాకీ ఉన్నాయి.

పెద్దక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వీధి చివర మందుల దుకాణం వాళ్లు పైగది చూపించారు. గదిలో ఒకావిడ పరుపు చుడుతోంది.

"అమ్మా, తాత ఉన్నాడా?"

"నాన్నా? నిన్న సాయంత్రమే మా అన్నయ్య దగ్గరికి బయల్దేరాడు. రెండు రోజుల ప్రయాణం."

పెద్దక్క గడప మీద కూలబడింది.

"ఇన్నేళ్లూ రమ్మంటే రానన్నాడమ్మా," అంది ఆవిడ. "ఇక్కడైతే ఆ మిషను చప్పుడు వినబడుతుందట. నిన్న చప్పుడు ఆగిపోయింది. పెట్టె సర్దమన్నాడు."

"ఆయన మమ్మల్ని వాటా అడగలేదు, జీతం అడగలేదు. మా మిషనుతో ఆయనకేం పని తల్లీ?"

ఆవిడ పరుపు వదిలేసి, పెద్దక్క వంక వింతగా చూసింది.

"మీకు చెప్పనేలేదా? ముప్పై ఏళ్ల కిందట సర్కారు ఆ కార్ఖానాను తీసేసుకుంది మా నాన్న దగ్గర్నుంచే!"